పిల్లల పళ్ళ ప్లేటుకు లవంగ నూనె మంచిదేనా?

పళ్ళ వరుస సరిచేయడానికి ప్లేటు పెట్టుకున్న పిల్లల తల్లులు మా దంత విభాగంలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, ప్లేటు వాసన వస్తోంది, లవంగ నూనె రాయమంటారా?" కొందరు వాము పువ్వు అంటారు, కొందరు నీలగిరి తైలం అంటారు. ఈ మధ్య టీ ట్రీ నూనె గురించి కూడా అడుగుతున్నారు. ప్రశ్న మంచిదే. దానికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపితే ఏమవుతుందో మాకు అనుభవమే నేర్పింది.

ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ బాబును మధ్యాహ్నం వేళ ఆదుర్దాగా తీసుకొచ్చింది. బాబు నోరు మూయలేకపోతున్నాడు, నీళ్ళు కూడా తాగలేకపోతున్నాడు. చూస్తే అంగిలి అంతా ఎర్రగా కాలినట్లుంది, అక్కడక్కడ తెల్లగా పొర లేచింది. సంగతేమిటంటే, ప్లేటు వాసన వస్తోందని బడిలో పిల్లలు ఎగతాళి చేశారు. లోగడ తన పంటి నొప్పికి లవంగ నూనె పనిచేసింది గనుక, ఆ తల్లి అదే సీసాలోని నూనెను రాత్రి ప్లేటు నిండా రాసి ఉంచింది. పొద్దున ఒకసారి నీళ్ళలో ముంచి బాబు నోట్లో పెట్టింది. పుండు మానేవరకు ప్లేటు పెట్టడానికి వీల్లేకపోయింది. ఈ లోపల, ఎన్నో వారాలు కష్టపడి ముందుకు జరిపిన పన్ను కొంత వెనక్కి పోయింది.

తప్పు ఆ తల్లిది కాదు. ప్లేటు ఇచ్చిన రోజు పెట్టుకోవడం, తీయడం నేర్పాము. కడగడం మాత్రం "శుభ్రంగా కడగండి" అని నోటిమాటగా చెప్పి ఊరుకున్నాము. చేసి చూపించలేదు. ఆ లోటు మాది. అప్పటి నుంచి ప్లేటు ఇచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతున్న పాఠాన్నే ఇక్కడ రాస్తున్నాము.

ఏ సాధనాల గురించి చెబుతున్నాము?

పిల్లల నోట్లో పెట్టే సాధనాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది తీసి పెట్టుకునేది. గులాబీ రంగులోనో మరో రంగులోనో ఉండే అక్రిలిక్ ముక్కకు స్టీలు తీగలు బిగించి తయారుచేస్తారు. ముందు పళ్ళను సర్దడానికి, దవడను వెడల్పు చేయడానికి, బొటనవేలు చీకే అలవాటు మాన్పించడానికి, క్లిప్పులు తీసిన తరువాత పళ్ళు కదలకుండా ఉంచడానికి దీన్ని వాడతాము. మామూలు మాటల్లో దీన్నే ప్లేటు అంటాము.

రెండవది అతికించేది. పళ్ళకు అంటించే క్లిప్పులు, పాలపన్ను ముందుగానే పోయినప్పుడు ఆ ఖాళీ మూసుకుపోకుండా బిగించే స్పేస్ మెయింటైనరు ఈ రకానికి చెందినవి. వీటిని ఇంట్లో తీయడానికి కుదరదు. ఈ పాఠంలో ఎక్కువ భాగం ప్లేటు గురించే. అతికించిన వాటి గురించి చివర చెబుతాము.

ప్లేటు మీద పేరుకునేది ఏమిటి?

శుభ్రంగా కడిగిన ప్లేటును నోట్లో పెట్టిన కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు దానిమీద కంటికి కనిపించని సన్నని పొరగా పరుచుకుంటాయి. ఇది సహజం, దీనివల్ల హాని లేదు. కొన్ని గంటల్లో నోటిలోని బాక్టీరియా వచ్చి ఆ పొరను పట్టుకుంటాయి. పట్టుకున్నవి ఒకటికి రెండుగా పెరుగుతాయి. తమ చుట్టూ తామే జిగురు తయారుచేసుకుని అందులో కాపురం పెడతాయి. పళ్ళ మీద దీన్నే పాచి అంటాము. వైద్యులు బయోఫిల్మ్ అంటారు.

ఈ గుంపులో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియా. పిప్పి పళ్ళలో దీన్ని మొదటిసారి గుర్తించి 1924లో వర్ణించినవాడు క్లార్క్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు. దీనికి చక్కెరతో రెండు పనులున్నాయి. చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం పంటి పింగాణీని కరిగిస్తుంది. అదే చక్కెర నుంచి బంకలాంటి పదార్థాన్ని తయారుచేసి ప్లేటుకు, పంటికి గట్టిగా అతుక్కుంటుంది. అంటే పిల్లవాడు ప్లేటు పెట్టుకునే బిస్కెట్టో చాక్లెట్టో తింటే, ఆ సూక్ష్మజీవికి తిండీ జిగురూ రెండూ మనమే ఇచ్చినట్లు.

దీనికి తోడు కాండిడా అనే బూజు జాతి జీవి ఉంటుంది. ప్లేటును కడగకుండా పగలూ రాత్రీ పెట్టుకునే పిల్లల్లో అంగిలి మీద ప్లేటు ఆకారంలోనే ఎర్రదనం కనిపిస్తే, చాలాసార్లు దీని పాత్ర ఉంటుంది.

పళ్ళకంటే ప్లేటు మీదే ఎక్కువ పేరుకోవడానికి కారణాలున్నాయి. అక్రిలిక్ మన కంటికి నున్నగానే కనిపిస్తుంది గానీ, దానిలో సన్నని రంధ్రాలు, గీతలు ఉంటాయి. అవి సూక్ష్మజీవులకు గూళ్ళు. పంటిని నాలుక తుడుస్తూ ఉంటుంది, లాలాజలం కడుగుతూ ఉంటుంది. ప్లేటుకూ అంగిలికీ మధ్య చోటికి నాలుకా పోదు, లాలాజలమూ సరిగా పోదు. బ్రెజిల్ దేశపు దంతవైద్యులు పిల్లల ప్లేట్లను పరీక్షించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, వారం రోజులు వాడిన ప్లేట్ల అక్రిలిక్ మీదే ఈ మ్యూటాన్స్ జాతి గుంపులు పెరిగినట్లు కనబడింది.

మొక్కల నూనెలు సూక్ష్మజీవులను చంపుతాయా?

చంపుతాయి. ఈ విషయంలో మన పెద్దల అనుభవం అబద్ధం కాదు.

లవంగ నూనెలో అధిక భాగం యూజినాల్ అనే పదార్థం. దంత వైద్యశాలలోకి అడుగుపెట్టగానే వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన దీనిదే. జింక్ ఆక్సైడు పొడితో కలిపి తాత్కాలికంగా పన్ను నింపడానికి మేమూ వాడతాము. వాములో ఉండేది థైమాల్. నాటు మందుల అంగడిలో దొరికే వాము పువ్వు ఇదే. దాల్చిన చెక్క నూనెలో సిన్నమాల్డిహైడు, పుదీనా జాతి నూనెలో మెంథాల్, నీలగిరి తైలంలో సినియోల్, నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ ఉంటాయి. ఇవి సూక్ష్మజీవి చుట్టూ ఉండే కొవ్వు పొరలోకి చొరబడి దాన్ని చిల్లులు చేస్తాయి. లోపలి సారం బయటికి కారిపోయి అది చనిపోతుంది. ప్రయోగశాలలో మ్యూటాన్స్ మీద, కాండిడా మీద లవంగ, దాల్చిన చెక్క నూనెలు, థైమాల్ ఉన్న నూనెలు బాగా పనిచేసినట్లు చాలా పరీక్షల్లో తేలింది.

ఈ జ్ఞానం మందుల అంగడికి చేరి కూడా చాలా కాలమైంది. జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు 1865లో గ్లాస్గోలో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కుళ్ళకుండా ఆపి చూపాడు. ఆయన పేరు మీదనే అమెరికాలో 1879లో లిస్టరిన్ అనే ద్రవాన్ని తయారుచేశారు. అందులో పనిచేసే పదార్థాలు నాలుగూ మొక్కల నూనెలకు సంబంధించినవే: థైమాల్, మెంథాల్, యూకలిప్టాల్, మిథైల్ సాలిసిలేటు. పెద్దవాళ్ళు రోజూ బ్రష్ చేసుకుంటూ, దానికి తోడుగా ఇలాంటి ద్రవంతో పుక్కిలిస్తే పాచి, చిగుళ్ళ వాపు తగ్గుతాయని ఆరు నెలల పాటు జరిగిన పరీక్షల్లో రుజువైంది.

అయితే ఆ ద్రవంలో థైమాల్ ఎంతో తెలుసా? 0.064 శాతం. అంటే లీటరు ద్రవంలో ఒక గ్రాము కూడా లేదు. మిగిలిన మూడూ అంతే, ఒక్కొక్కటి 0.1 శాతానికి లోపే. ఆ బాబు ప్లేటుకు రాసిన సీసాలోనిది నూటికి నూరు పాళ్ళూ నూనె. ఔషధానికీ పుండుకూ మధ్య తేడా అక్కడే ఉంది.

మరి ప్లేటుకు ఎందుకు వద్దంటున్నాము?

మొదటి కారణం: పేరుకున్న పాచి లోపలికి నూనె చొరబడదు. ఈ సంగతి తెలిసి మూడు వందల ఏళ్ళు దాటింది. హాలెండులోని డెల్ఫ్ట్ ఊరిలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తాను స్వయంగా చేసుకున్న సూక్ష్మదర్శినితో, 1680వ దశకంలో, తన పళ్ళ మీది పాచిని పరీక్షించాడు. అందులో కదిలే చిన్న చిన్న జీవులను చూశాడు. వెనిగర్‌తో నోరు కడుక్కుని మళ్ళీ చూస్తే పాచి పైపైన ఉన్నవే చనిపోయాయి, లోపలివి బతికే ఉన్నాయి. పాచిని గీకి తీసి వెనిగర్‌లో కలిపినప్పుడు మాత్రం చనిపోయాయి. ఈ రోజుకీ అదే నిజం. జిగురులో దాగిన సూక్ష్మజీవులకు మందు అందదు. ముందు రుద్ది ఆ జిగురును విడదీయాలి. ప్రయోగశాలలో నూనె గెలిచినంత సులభంగా నోటిలో గెలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. చచ్చిన సూక్ష్మజీవుల పొర మీద కూడా కొత్తవి సుఖంగా వచ్చి చేరతాయి గనుక, చంపినంత మాత్రాన సరిపోదు, తుడిచివేయాలి.

రెండవ కారణం: నోరు కాలుతుంది. పిల్లల నోటి లోపలి చర్మం చాలా సున్నితం. చిక్కని లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె దాన్ని కాలుస్తాయి. ప్లేటు కింద చేరిన నూనెను లాలాజలం కడగలేదు, గంటల తరబడి అంగిలికి ఒత్తుకునే ఉంటుంది. "గ్లాసుడు నీళ్ళలో నాలుగు చుక్కలే వేశాము" అంటారు కొందరు. నూనె నీళ్ళలో కలవదు. చుక్కగానే విడిగా ఉండిపోతుంది. ప్లేటు బయటికి తీసేటప్పుడు ఆ చిక్కని చుక్కే దానికి అంటుకుని వస్తుంది.

మూడవ కారణం: ప్లేటు పాడవుతుంది. యూజినాల్ అక్రిలిక్ రెజిన్‌ను మెత్తబరుస్తుంది. ఆల్కహాల్ ఎక్కువగా ఉన్న పుక్కిలింత మందులో నానబెడితే అక్రిలిక్‌లో వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. ఆ పగుళ్ళు సూక్ష్మజీవులకు కొత్త గూళ్ళు. శుభ్రం చేయబోయి వాటికి ఇల్లు కట్టినట్లవుతుంది.

సీసా పిల్లల చేతికి అందితే

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. దయచేసి జాగ్రత్తగా చదవండి.

వంటలో వేసే లవంగం వేరు, సీసాలోని లవంగ నూనె వేరు. ఎండు లవంగంలో నూనె సుమారు 15 నుంచి 20 శాతం. అంటే ఒక టీస్పూను నూనెలో 25 నుంచి 35 గ్రాముల లవంగాల సారం ఉంటుంది. బిర్యానీలో నాలుగు లవంగాలు వేసే మనం, అంత సారాన్ని ఒక్క గుక్కలో పిల్లవాడికి తాగించం కదా! రెండేళ్ళ పిల్లవాడు 5 నుంచి 10 మిల్లీలీటర్ల లవంగ నూనె తాగి, స్పృహ కోల్పోయి, మూర్ఛలు వచ్చి, కాలేయం దెబ్బతిని, చావు అంచుల దాకా వెళ్ళిన ఉదంతాన్ని 1993లో బ్రిటన్ శిశువైద్య పత్రికలో ప్రచురించారు. ఆ పిల్లవాడు తీవ్రమైన చికిత్సతో బతికాడు.

నీలగిరి తైలం, కర్పూరం మింగిన పిల్లలకు కొద్ది నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. నొప్పులకు రాసే వింటర్‌గ్రీన్ నూనె అంతా మిథైల్ సాలిసిలేటే. దాని ఒక టీస్పూనులో 20కి పైగా పెద్దవాళ్ళ ఆస్పిరిన్ మాత్రలంత మందు ఉంటుంది. అది చిన్నపిల్లల ప్రాణం తీయడానికి చాలు.

ప్లేటు ఉన్న పిల్లవాడికి తమ్ముడో చెల్లెలో ఉంటారు. బ్రష్‌ల పక్కన, అందే ఎత్తులో మంచి వాసన వేసే చిన్న సీసా ఉంటే ఆ పసివాళ్ళు నోట్లో పోసుకోకుండా ఉంటారా? ప్లేటు కోసమని ఇంటికి తెచ్చిన సీసా ప్లేటుకు చేసే మేలు కంటే, దానివల్ల ఆ ఇంట్లో పసిపిల్లలకు ఉండే ప్రమాదమే పెద్దది.

ఒకవేళ ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఉప్పు నీళ్ళు, చింతపండు నీళ్ళు పట్టకండి. నోరు తుడిచి, సీసాను కూడా చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి, లేదా 108కి ఫోను చేయండి. "బాగానే ఆడుకుంటున్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోవద్దు.

రోజూ ప్లేటును ఇలా కడగండి

దీనికి కావలసినవి ఒక మెత్తని బ్రష్, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, చల్లని నీళ్ళు. ఖర్చు దాదాపు లేదు. పట్టే సమయం రెండు నిమిషాలు.

1. ప్లేటుకు వేరే బ్రష్ పెట్టండి. పళ్ళు తోముకునే బ్రష్‌తో కలపవద్దు.

2. కింద మగ్గులో నీళ్ళు పెట్టుకోండి, లేదా తువ్వాలు పరచుకోండి. చేయి జారి గచ్చు మీద పడితే ప్లేటు పగులుతుంది.

3. ప్లేటును అక్రిలిక్ భాగం దగ్గర పట్టుకోండి. తీగలను పట్టుకుంటే అవి వంగుతాయి. వంగిన తీగ పన్నును తప్పు దారిలో నెడుతుంది.

4. మొదట అంగిలికి ఆనే వైపు రుద్దండి. చాలామంది పైకి కనిపించే వైపు రుద్ది ఆపేస్తారు. పాచి ఎక్కువగా ఉండేది రెండో వైపే.

5. తీగల అడుగున, స్క్రూ ఉంటే దాని చుట్టూ బ్రష్ కొసతో రుద్దండి.

6. ధారగా నీళ్ళు పోసి సబ్బు వాసన పోయేదాకా కడగండి.

7. ఇప్పుడు వేలితో రాసి చూడండి. జారుతూ ఉంటే పాచి ఇంకా ఉన్నట్లు. వేలికి కిర్రుమంటే శుభ్రమైనట్లు. ఈ పరీక్ష పిల్లలకు సరదాగా ఉంటుంది, వాళ్ళచేతే చేయించండి.

8. పిల్లవాడు పళ్ళు, నాలుక తోముకున్న తరువాతే ప్లేటు పెట్టాలి. శుభ్రమైన ప్లేటును పాచి పళ్ళకు తగిలిస్తే చేసిన పనంతా వృథా. పళ్ళకు ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడండి. చిన్నపిల్లలకు బఠాణీ గింజంత చాలు.

ఈ విధంగా పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చేయాలి. అన్నం తినేటప్పుడు, డాక్టరు పెట్టుకునే తినమని చెబితే తప్ప, ప్లేటు తీసి డబ్బాలో పెట్టాలి. తిన్న తరువాత నోరు పుక్కిలించి, ప్లేటును నీళ్ళతో కడిగి పెట్టుకోవాలి. బడిలో బ్రష్ కుదరకపోయినా కుళాయి నీళ్ళు కుదురుతాయి. నోట్లో లేనప్పుడు ప్లేటును మూత ఉన్న డబ్బాలో చల్లని మంచినీళ్ళలో ఉంచండి. ఆ నీళ్ళను రోజూ మార్చండి, డబ్బాను కూడా కడగండి. కాగితంలో చుట్టి టిఫిన్ బాక్సు పక్కన పెట్టిన ప్లేట్లు ఎంగిలాకులతోపాటు చెత్తబుట్టలోకి పోతుంటాయి.

వారానికి ఒకసారి

కట్టుడు పళ్ళ కోసం అమ్మే నురగ బిళ్ళలు మందుల షాపుల్లో దొరుకుతాయి. పెట్టె మీద రాసినంత సేపు ప్లేటును అందులో నానబెట్టి, తరువాత బ్రష్‌తో రుద్ది, బాగా కడగాలి. ఆ నీళ్ళు పిల్లలు తాగకుండా చూడాలి. ప్లేటు మీద తెల్లగా గట్టిగా గార కనిపిస్తే, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి పావుగంట నానబెట్టండి. గార మెత్తబడుతుంది, అప్పుడు బ్రష్‌తో తీయండి. చాకుతోగానీ పిన్నుతోగానీ గీకవద్దు. అప్పటికీ పోకపోతే మా దగ్గరకు తీసుకురండి.

కొందరు పిల్లలకు క్లోర్‌హెక్సిడిన్ అనే మందును ప్లేటు మీద చల్లమని రాసిస్తాము. పైన చెప్పిన బ్రెజిల్ పరిశోధనలో, వారానికి ఒకటి రెండు సార్లు దాన్ని చల్లినప్పుడు ప్లేటు మీది సూక్ష్మజీవులు బాగా తగ్గాయి. అయితే ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. అందువల్ల దీన్ని చీటీ లేకుండా కొని వాడవద్దు.

చేయకూడనివి

వేడినీళ్ళలో ముంచవద్దు, మరిగించవద్దు. ప్లేటు వంకర పోతుంది, మళ్ళీ కొత్తది చేయించాలి. పళ్ళపొడి, బొగ్గుపొడి, ఇటుక పొడి, ఉప్పు, పీచుతో రుద్దవద్దు. గీతలు పడతాయి. బట్టల బ్లీచింగులో వేయవద్దు. తీగలు తుప్పు పట్టి బలహీనపడతాయి. పేస్టు కూడా ప్లేటుకు అక్కరలేదు, అందులోని గరుకు అక్రిలిక్‌ను గీస్తుంది.

తల్లిదండ్రులు అడిగే మరికొన్ని ప్రశ్నలు

లవంగం, పుదీనా ఉన్న టూత్‌పేస్టు వాడవచ్చా?
పిల్లల పళ్ళకు వాడవచ్చు. అందులో ఉండే నూనె చాలా తక్కువ. అయితే ముందు చూడవలసింది పేస్టులో ఫ్లోరైడు ఉందా అని. వాసన, రుచి ఆ తరువాత.

పుక్కిలించే మందు పిల్లలకు ఇవ్వవచ్చా?
ఆరేళ్ళలోపు పిల్లలకు వద్దు. ఉమ్మడం సరిగా రాదు, మింగేస్తారు. ఆల్కహాల్ ఉన్న నూనెల మందును 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడవద్దని అమెరికాలో ఆ సీసాల మీదే ముద్రిస్తారు. పెద్ద పిల్లలకు అవసరమైతే ఆల్కహాల్ లేనిది ఏదో, ఎంత సేపో డాక్టరును అడిగి ఇవ్వండి. ఏది వాడినా బ్రష్‌కు తోడుగానే, బ్రష్‌కు బదులుగా కాదు.

నువ్వుల నూనె పుక్కిలిస్తే?
నువ్వుల నూనె, కొబ్బరి నూనె వంట నూనెలు. ఈ పాఠంలో చెప్పిన ఘాటైన తైలాల లాంటివి కావు, నోరు కాల్చవు. కానీ చిన్నపిల్లలు పుక్కిలించేటప్పుడు పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్లేటు మీది జిగురును అవీ తీయలేవు. కాబట్టి పిల్లలకు అక్కరలేదు.

అతికించిన క్లిప్పులుంటే ఏం చేయాలి?
తీగకు పైన, తీగకు కింద, రెండు వైపులా బ్రష్ వంచి తోమాలి. రాత్రి పూట తల్లిగాని తండ్రిగాని ఒకసారి దీపం వేసి చూడాలి. చిగురు దగ్గర తెల్లని మచ్చ కనిపిస్తే పింగాణీ కరగడం మొదలైందని అర్థం, ఆలస్యం చేయవద్దు. క్లిప్పు ఊడితే లవంగ నూనె రాసుకుని రావద్దు. యూజినాల్ ఉన్న చోట మేము వాడే రెజిన్ అంటు సరిగా గట్టిపడదు.

మొక్కల నూనెలతో ప్లేటుకు మంచి మందు రానే రాదా?
రావచ్చు. నూనెను చాలా సన్నని బిందువులుగా నీళ్ళలో కలిపి చల్లే మందులు, ప్లేటు పైపూతలో కలిపే పద్ధతులు పరిశోధనలో ఉన్నాయి. పిల్లల ప్లేట్ల మీద జరిగిన పరీక్షలు ఇంకా చిన్నవి. కొలత తెలిసి, పిల్లలకు క్షేమమని రుజువైన మందు వస్తే మేమే చీటీ రాసిస్తాము. అప్పటివరకు అంగడి సీసాతో ఇంట్లో ప్రయోగం వద్దు.

ఎప్పుడు మా దగ్గరకు తీసుకురావాలి?

అంగిలి మీద ఎర్రదనం రెండు రోజులైనా తగ్గకపోతే, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే, కడిగినా దుర్వాసన పోకపోతే, ప్లేటు పగిలితే, తీగ గుచ్చుకుంటే తీసుకురండి. పగిలిన ప్లేటును ఇంట్లో జిగురుతో అతికించవద్దు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నోటిలోని బాక్టీరియా రక్తంలో కలిసి గుండె లోపలి పొరకు సోకవచ్చు. అలాంటి పిల్లల పాత చీటీలు దంత విభాగానికి వచ్చేటప్పుడు తప్పక తీసుకురండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఘాటైన తైలాల వాసనే ఆయాసం తెప్పించవచ్చు, అది కూడా ముందుగా చెప్పండి.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాము. పుండు మానిన తరువాత కొత్త ప్లేటు చేసి ఇచ్చాము. ఈసారి మేము కుళాయి దగ్గర నిలబడి కడిగి చూపించాము, తరువాత తల్లి కడిగింది, ఆ తరువాత బాబు కడిగాడు. వేలితో రాసి కిర్రుమనగానే నవ్వాడు. తరువాత వచ్చినప్పుడు ప్లేటు వాసన లేదు. లవంగ నూనె సీసా ఏం చేశారని అడిగితే, తాళం వేసే బీరువాలో పై అరలో పెట్టానని ఆ తల్లి చెప్పింది. మీ ఇంట్లో ఆ సీసా ఎక్కడ ఉందో, ఈ పేజీ చదవడం పూర్తికాగానే లేచి ఒకసారి చూడండి.